రెండోసారి ట్రయల్ వాయిదా అడుగుతున్నారు, ఒప్పుకోనా వద్దా?

చామంతి (సెప్టెంబర్ 12, 2025)

అందరికీ నమస్కారం. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. నా కారు యాక్సిడెంట్ కేసు గురించి అడుగుతున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. నాకు లాయర్ ఉన్నారు, ఆయన మీద నమ్మకం కూడా ఉంది. కానీ ఆయన ఫోన్లో పది నిమిషాల్లో చెప్పి పెట్టేసిన మాట నాకు మూడు రాత్రులుగా నిద్ర లేకుండా చేస్తోంది.

2022 అక్టోబర్‌లో రెడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక పికప్ ట్రక్కు వచ్చి గుద్దింది. నేను డ్రైవింగ్ సీట్లో ఉన్నాను. వెనక సీట్లో అమ్మ, ఆవిడ పక్కన కార్ సీట్లో మా బాబు. దేవుడి దయ, వాళ్లిద్దరికీ ఏం కాలేదు. నాకూ ఆ పూట ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి మెడ తిరగలేదు. ఎడమ చెయ్యి బొటనవేలి దాకా తిమ్మిరి. ఎమ్మారై తీస్తే మెడలో సీ5, సీ6 ఎముకల మధ్య డిస్క్ బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోందన్నారు. నెలల తరబడి ఫిజికల్ థెరపీ, రెండుసార్లు ఎపిడ్యూరల్ ఇంజెక్షన్లు అయ్యాయి. బాబుకి అప్పుడు రెండేళ్లు, ఇప్పుడు ఐదు. మధ్యలో వాణ్ని ఎడమ చేత్తో ఎత్తుకున్నదే లేదు.

2023 జులైలో కేసు వేశాం. మొదటి ట్రయల్ డేట్ 2025 మార్చి. మా లాయర్ వేరే ట్రయల్లో ఇరుక్కుపోయారని అది వాయిదా పడింది. కొత్త డేట్ అక్టోబర్ 6. దానికోసం ఆఫీసులో ఎనిమిది రోజులు సెలవు పెట్టుకున్నాను. మార్చికి ఒకసారి వచ్చి, సాక్ష్యం చెప్పకుండానే తిరిగి వెళ్లిపోయిన అమ్మ, జులై 21న మళ్లీ వచ్చింది. ఐ-94 (ఇక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) మీద జనవరి 20 దాకా గడువు ఉంది. ఆవిడకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడోసారి అంత ప్రయాణం చేయించాలంటే నాకు మనసు రాదు.

ఇప్పుడు అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టిన లాయర్ ట్రయల్‌ని వచ్చే ఏప్రిల్‌కి వాయిదా వేయమంటున్నారు. రెండు కారణాలు చెప్పారు. ఒకటి, వాళ్ల ఎక్స్‌పర్ట్ ఆర్థోపెడిక్ డాక్టర్ అక్టోబర్‌లో ఆ రెండు వారాలూ ఊళ్లో ఉండడట. రెండు, జులైలో మా సర్జన్ నాకు ఆపరేషన్ చేయాల్సి ఉంటుందని రాశారు కాబట్టి, వాళ్ల డాక్టర్ నన్ను మళ్లీ పరీక్ష చేయాలట. మా లాయర్ "స్టిప్యులేషన్ (రెండు వైపులా రాసుకునే ఒప్పంద పత్రం) మీద సంతకం పెట్టేద్దాం, మనకేం నష్టం లేదు" అంటున్నారు. మా సర్జన్ అక్టోబర్‌లో ఒక పూట మా కోసం ఖాళీ పెట్టుకున్నారు, అది రద్దు చేస్తే 2,500 డాలర్లు కట్టాలి. ఈ ఏడాది ఏప్రిల్‌లో మా వైపు నుంచి 998 ఆఫర్ అని, ఇంత ఇస్తే సెటిల్ అవుతామని రాతపూర్వకంగా ఒకటి పంపాం. 30 రోజులు దాటినా వాళ్ల దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. అట్లాంటి వాళ్లకి మనమెందుకు మర్యాద చెయ్యాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాన్నకి ఊళ్లో పొలం గట్టు తగాదా ఉండేది. చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ వినపడిన మాట "వాయిదా". నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని పొద్దున్నే బస్సెక్కేవారు. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ "మళ్లీ పడింది" అనేవారు. తీర్పు వినకుండానే పోయారు. లాయర్ ఫోన్ చేసినప్పుడు అమ్మ పక్కనే ఉంది. ఇంగ్లీషు రాకపోయినా నా మొహం చూసి "వాయిదానా?" అంది.

నేను ఒప్పుకోనని చెప్పొచ్చా? చెబితే జడ్జి వింటారా? ఒప్పుకుంటే అమ్మ సాక్ష్యం సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్ పెద్దాయన

అమ్మా చామంతీ, నీ పోస్టు చదివి నా రోజులు గుర్తొచ్చాయి. మా న్యూజెర్సీలో దీన్ని అడ్జర్న్‌మెంట్ అంటారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మంచు మీద జారి నా తుంటి ఎముక విరిగింది. నా ట్రయల్ డేట్ మూడుసార్లు వెనక్కి జరిగింది. ప్రతిసారీ సూట్ ఇస్త్రీ చేయించుకోవడం, ప్రతిసారీ ముందు రోజు సాయంత్రం ఫోన్ రావడం. చివరికి జ్యూరీని ఎంచుకునే రోజు పొద్దున కోర్టు వరండాలో సెటిల్ అయింది. ఇక్కడ సివిల్ జ్యూరీ ఆరుగురే, ఆ ఆరుగురి మొహాలు కూడా నేను చూడలేదు.

నా అనుభవంలో ఆలస్యం అయ్యేకొద్దీ బరువు మోసేది దెబ్బ తగిలినవాళ్లే. అవతలివాళ్లకి అదొక ఫైలు, మనకి ఒళ్లు. నువ్వు ఒప్పుకోకు. మీ లాయర్ వినకపోతే, అమ్మ వయసు, వీసా సంగతీ వివరంగా రాసి నువ్వే జడ్జిగారికి ఒక ఉత్తరం పంపు. ఆడబిడ్డ కష్టం అర్థం చేసుకుంటారు.

పాత ఫైళ్లు

చామంతి గారూ, నేను లాయర్‌ని కాదు. కాలిఫోర్నియాలోనే, దెబ్బలు తగిలినవాళ్ల తరఫున వాదించే ఒక లా ఆఫీసులో 11 ఏళ్లు పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకురాలిగా చేశాను. ఈ ట్రయల్ డేట్ల క్యాలెండర్ నా చేతుల్లోనే ఉండేది. నాకు తెలిసింది చెబుతాను, మీ లాయర్‌తో సరిచూసుకోండి.

ముందుగా పెద్దాయన గారికి ఒక మనవి. మీరు మంచి మనసుతో చెప్పారు, కానీ జడ్జికి సొంతంగా ఉత్తరం మాత్రం రాయకండి చామంతి గారూ. లాయర్ ఉన్నవాళ్లు కోర్టుతో ఏం చెప్పుకోవాలన్నా ఆయన ద్వారానే చెప్పుకోవాలి. అవతలివాళ్లకి కాపీ వెళ్లకుండా వచ్చిన ఉత్తరాన్ని జడ్జి చదవరు, పైగా మీ లాయర్ తలవంచుకోవాల్సి వస్తుంది. మీ అమ్మగారి సంగతి జడ్జికి చేరాల్సిందే. అది ప్రమాణం చేసి సంతకం పెట్టిన డిక్లరేషన్‌గా మీ లాయర్ వేసే కాగితాలతో పాటు వెళ్లాలి.

రెండో విషయం. మీరందరూ కలిసి సంతకాలు పెట్టినంత మాత్రాన డేట్ మారదు. కాలిఫోర్నియా కోర్టు నియమాల్లో 3.1332 అని ఒకటి ఉంది. ట్రయల్ డేట్ అంటే ఖాయమైన డేట్ అని, వాయిదాలు కోర్టుకి ఇష్టం లేని పని అని అందులోనే రాసి ఉంటుంది. రెండు వైపులా ఒప్పుకున్నా సరే, అప్లికేషన్ వేయాలి, డిక్లరేషన్లు పెట్టాలి, సరైన కారణం చూపించాలి. సాక్షి గానీ ఎక్స్‌పర్ట్ గానీ జబ్బు వల్లో, తప్పించుకోలేని పని వల్లో రాలేకపోవడం, లాయర్ రాలేకపోవడం, కేసులో ఎవరూ ఊహించని పెద్ద మార్పు రావడం, ఇలాంటివి కారణాలు. వాటితో పాటు జడ్జి ఇంకొన్ని చూస్తారు. ట్రయల్ ఎంత దగ్గర్లో ఉంది, ఇంతకుముందు ఎన్నిసార్లు వాయిదా వేశారు, ఎన్నాళ్లు అడుగుతున్నారు, వాయిదా లేకుండా ఇంకో దారి ఉందా, ఎవరికి నష్టం. మొదటి వాయిదా మీ వైపు నుంచే అయిందన్నారు కదా. మీరు గట్టిగా కాదంటే అవతలి లాయర్ మొట్టమొదట ఎత్తేది ఆ మాటే.

డాక్టర్ ఊళ్లో లేడన్న కారణం మాత్రమే అయితే నేను కూడా ఒప్పుకోవద్దనేదాన్ని. ఎందుకంటే ఇక్కడి చట్టం ప్రకారం ఎక్స్‌పర్ట్ డాక్టర్ల సాక్ష్యాన్ని ముందే వీడియో డిపోజిషన్‌గా (ట్రయల్‌కి ముందు ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలం) తీసి, డాక్టర్ ఊళ్లో ఉన్నా సరే, ట్రయల్లో వేసుకోవచ్చు. దానికి కావాల్సిన నోటీసు ముందే ఇవ్వాలి, అంతే. "ఇంకో దారి ఉందా" అన్న ప్రశ్నకి అదే జవాబు.

అసలు సంగతి రెండో కారణంలో ఉంది, అది మీరు దాదాపు పట్టించుకోకుండా దాటేశారు. మీ సర్జన్ ఆపరేషన్ మాట రాసింది ఈ జులైలో. రెండు వైపులా ఎక్స్‌పర్టుల పేర్లు ఇచ్చిపుచ్చుకునే గడువు మొట్టమొదటి ట్రయల్ డేట్‌ని బట్టి లెక్క కడతారు, మామూలుగా 50 రోజుల ముందు. మీ కేసులో అది జనవరిలోనే అయిపోయి ఉండాలి. అప్పుడు ఆపరేషన్ ప్రస్తావన లేదు. ఇప్పుడు అక్టోబర్ 6న మీ సర్జన్ సాక్షి కుర్చీలో కూర్చుని "ఈవిడకి మెడ ఆపరేషన్ కావాలి, ఇంత ఖర్చవుతుంది" అన్నారనుకోండి. అవతలి లాయర్ వెంటనే లేచి, ఈ అభిప్రాయం మాకు ముందు చెప్పలేదు, మా డాక్టర్‌కి పరీక్ష చేసే అవకాశం ఇవ్వలేదు, దీన్ని జ్యూరీ వినకూడదు అంటాడు. ఆ అభ్యంతరం నిలబడితే మీ కేసులో అన్నిటికన్నా బరువైన ముక్క జ్యూరీ చెవిన పడదు. రెండేళ్లు పనిచేసిన కేసులో ఇలాగే ఒక భుజం ఆపరేషన్ ఖర్చు మొత్తం కొట్టుకుపోవడం నా కళ్లతో చూశాను. ఆ క్లయింటు ట్రక్కు డ్రైవరు. తీర్పు వచ్చాక మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని లేవలేదు. అప్పట్లో వాయిదా వద్దని పట్టుబట్టింది మేమే.

కాబట్టి ఈ వాయిదా వాళ్లకన్నా మీకే ఎక్కువ అవసరం కావచ్చు. మీ లాయర్ "నష్టం లేదు" అన్నది బహుశా దీన్ని దృష్టిలో పెట్టుకునే. కాకపోతే వివరంగా చెప్పి ఉండాల్సింది. డేట్లు జరపడం లాంటివి లాయర్ తేల్చుకునే పరిధిలోకే వస్తాయి, సెటిల్‌మెంట్ మాత్రం మీ ఒప్పుదల లేకుండా కుదరదు. అయినా మీరు అడిగితే ఆయన వివరించాలి. అడగండి.

ఇక ఒప్పుకోవడం అంటే ఊరికే ఒప్పుకోవడం కాదు. నా పదకొండేళ్లలో నేను నేర్చుకున్నది ఇదే. ట్రయల్ డేట్ వెనక్కి జరిగినప్పుడు కొన్ని గడియారాలు దానితో పాటు జరుగుతాయి, కొన్ని జరగవు. ఏది జరగాలో ఏది జరగకూడదో స్టిప్యులేషన్‌లో రాసుకోవాలి.

డిస్కవరీ, అంటే ట్రయల్‌కి ముందు ఒక వైపువాళ్లు ఇంకో వైపు నుంచి సమాచారం రాబట్టే దశ, దాని గడియారం చూడండి. మొట్టమొదటి ట్రయల్ డేట్‌కి 30 రోజుల ముందు డిస్కవరీ మూసుకుంటుంది. మీ మొదటి డేట్ మార్చిలో కాబట్టి, లెక్క దాన్ని బట్టే, అక్టోబర్ 6ని బట్టి కాదు. అంటే మీరు ఈ పోస్టు పెట్టేనాటికి ఎప్పుడో మూసుకుపోయి ఉండాలి. ట్రయల్ వాయిదా పడినంత మాత్రాన అది మళ్లీ తెరుచుకోదని చట్టంలోనే ఉంది. అందుకే వాళ్లు పంపిన కాగితంలో "అన్ని గడువులూ కొత్త ట్రయల్ డేట్‌ని బట్టి నడుస్తాయి" అన్న ఒక్క వాక్యం ఎక్కడో ఉండే ఉంటుంది. వెతకండి. అది అలాగే వదిలేస్తే తలుపు బార్లా తెరిచినట్టే. మళ్లీ ప్రశ్నల కట్టలు వస్తాయి, మీ పాత మెడికల్ రికార్డుల కోసం సబ్‌పీనాలు (రికార్డులు ఇవ్వాలనో, సాక్షి రావాలనో చెప్పే కోర్టు ఆదేశాలు) వెళ్తాయి. దాని బదులు "ఒక్క వైద్య పరీక్ష, సర్జన్ డిపోజిషన్, అవతలి డాక్టర్ డిపోజిషన్, ఇంతకుమించి లేదు" అని రాయించండి.

మీ అమ్మగారి వీడియో డిపోజిషన్ కూడా అదే కాగితంలో, ఫలానా తేదీలోపు అని పెట్టించండి. గడువు దాటినా రెండు వైపులా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తీసుకోవచ్చు. సాక్షి ట్రయల్ జరిగే చోటికి 150 మైళ్ల అవతల ఉంటుంటే ఆ వీడియోని ట్రయల్లో జ్యూరీకి చూపించవచ్చు. ఆవిడ ఇంటికి వెళ్లాక ఇండియా నుంచి వాంగ్మూలం తీసుకోవడం వేరే తతంగం, అక్కడిదాకా పోనివ్వకండి. ఇక్కడ ఉండే గడువు పొడిగించడానికి ఐ-539 దరఖాస్తు వేసి ఏప్రిల్ దాకా ఉంచుదామని కూడా ఆలోచిస్తారేమో. వేయవచ్చు, కానీ నేనైతే సాక్ష్యాన్ని ఇమ్మిగ్రేషన్ జవాబు మీద ఆధారపడనివ్వను.

మీ సర్జన్ రద్దు ఫీజు 2,500 డాలర్లు అవతలివాళ్లు కట్టాలని అడగండి. వాయిదా అడిగినవాళ్ల మీద ఖర్చులు వేసే అధికారం జడ్జికి ఉంది కాబట్టి ఇది గొంతెమ్మ కోరికేం కాదు.

998 ఆఫర్ గురించి మీరు బాధపడ్డారు. దాన్ని ఇంకోలా చూడండి. జ్యూరీ మీ ఆఫర్‌కన్నా ఎక్కువ ఇస్తే, ఆ ఆఫర్ పంపిన రోజు నుంచి తీర్పు మొత్తం మీద ఏడాదికి 10 శాతం వడ్డీ వస్తుంది. ఉదాహరణకి 3 లక్షల డాలర్ల తీర్పు వస్తే ఆరు నెలల ఆలస్యానికి 15 వేలు. ఈ వాయిదా వాళ్లకి ఉచితంగా రావడం లేదు.

ఐదేళ్ల గడువు కూడా ఒకటుంది. కేసు వేసిన ఐదేళ్లలో ట్రయల్ మొదలుకాకపోతే కొట్టేస్తారు. మీది 2028 జులై దాకా ఉంది, భయం లేదు. కానీ ఆ గడియారం వాయిదాలతో ఆగదు, అది గుర్తుంచుకోండి.

చామంతి

పాత ఫైళ్లు గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. కాగితం తెప్పించుకుని చదివాను. మీరన్న వాక్యం మూడో పేజీలో, 7వ పేరాలో అచ్చం అలాగే ఉంది! మా లాయర్‌ని సోమవారం కలుస్తున్నాను. పెద్దాయన గారూ, ఉత్తరం రాయనులెండి, కానీ మీరు నా పక్షాన నిలబడినందుకు కళ్లు చెమర్చాయి.

రెండు సందేహాలు. యాక్సిడెంట్ చూసిన సైకిల్ కుర్రాడికి అక్టోబర్ 6కి రమ్మని సబ్‌పీనా ఇచ్చారు, అది ఏప్రిల్‌కి చెల్లుతుందా? ఇంకోటి, అసలు భయం. యాక్సిడెంట్ అయి ఏప్రిల్‌కి మూడున్నరేళ్లు అవుతుంది. జ్యూరీలో కూర్చున్నవాళ్లు "ఇన్నాళ్లయింది, ఈపాటికి తగ్గిపోయే ఉంటుంది" అనుకోరా?

పాత ఫైళ్లు

చెల్లుతుందని ఊరుకోవద్దు. సాక్షి కొత్త తేదీకి వస్తానని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదంటే సబ్‌పీనా మళ్లీ అందించాలి. ఈ కుర్రవాళ్లు ఇల్లు మారతారు, నంబరు మారుస్తారు. ఇవాళే ఫోన్ చేయించి అతని అడ్రస్ సరిచూసుకోండి. అమ్మగారి తెలుగు ఇంటర్‌ప్రెటర్ సంగతి కూడా అంతే. కాలిఫోర్నియా కోర్టుల సర్టిఫైడ్ భాషల జాబితాలో తెలుగు లేదు, రిజిస్టర్డ్ ఇంటర్‌ప్రెటర్లు దొరుకుతారు. డిపోజిషన్‌కి మీ లాయర్ ఆఫీసే ఏర్పాటు చేయాలి. ఆ అవసరం ఇవాళే చెప్పండి, ఎందుకంటే ఆఖరి నిమిషంలో దొరకరు. మీ చుట్టాల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు పనికిరారు.

జ్యూరీ ప్రశ్నకి నేను చెప్పేదానికన్నా కూర్చున్నవాళ్లు చెబితే బాగుంటుంది.

నైట్‌షిఫ్ట్

నేను కూర్చున్నాను అక్కా. 2019లో, కాలిఫోర్నియాలోనే, సివిల్ కేసు. ఒకాయన దుకాణంలో తడి నేల మీద పడి వెన్ను దెబ్బతింది. జ్యూరీలో పన్నెండుమందిమి, ఇద్దరు ఆల్టర్నేట్లు (ఎవరైనా తప్పుకుంటే కూర్చునేవాళ్లు). తొమ్మిది మంది ఒక మాట మీదికి వస్తే చాలు, అందరూ అక్కర్లేదు.

ఎన్నిసార్లు వాయిదా పడిందో, ఎవరు అడిగారో మాకు ఎవరూ చెప్పలేదు. పడి నాలుగేళ్లయిందని మాత్రం తెలుసు. చర్చ గదిలోకి వెళ్లాక ఒకావిడ "ఇంత లేటెందుకు" అంది. మా ఫోర్‌పర్సన్ (జ్యూరీ పెద్ద) "అది మన పని కాదు, ఊహించొద్దని జడ్జి చెప్పారు కదా" అన్నాడు. అంతటితో ఆ మాట పోయింది.

కానీ ఒకటి చెప్పాలి. ఆ నాలుగేళ్లు ఆయన ఎలా బతికాడన్నది మేం బాగా చూశాం. మధ్యలో తొమ్మిది నెలలు ఏ డాక్టర్ దగ్గరకీ వెళ్లలేదు. అవతలి లాయర్ ఆ తొమ్మిది నెలలనీ క్యాలెండర్ గీసి పసుపు రంగు పూసి చూపించాడు. మా గదిలో సగం సేపు ఆ పసుపు రంగు గురించే మాట్లాడుకున్నాం. కాబట్టి ఏప్రిల్ దాకా చికిత్స మానకండి. డాక్టర్ రమ్మన్న రోజు వెళ్లండి. నొప్పి ఎక్కువైనా, తగ్గినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇంకోటి, వీడియో సాక్ష్యం. మాకు ఒక డాక్టర్‌ది టీవీలో రెండు గంటలు వేశారు. వెలుతురు వెనక నుంచి పడి మనిషి మొహం చీకటిగా ఉంది. సగంలో నా పక్కాయనకి కళ్లు మూతపడ్డాయి. మీ అమ్మగారిది తీసేటప్పుడు మొహం మీద వెలుతురు పడేలా, కళ్లజోడులో లైటు మెరవకుండా చూసుకోమనండి. చిన్నదిగా ఉంచమనండి.

చామంతి (అక్టోబర్ 24, 2025)

మీ అందరికీ ఏం జరిగిందో చెప్పాలి.

సోమవారం లాయర్‌ని కలిసినప్పుడు ఆపరేషన్ సాక్ష్యం గురించి నేనే ఎత్తాను. ఆయన కాసేపు నన్ను చూసి, తలుపు వేసి గంటసేపు కూర్చుని వివరించారు. పాత ఫైళ్లు గారు చెప్పిందే. 7వ పేరా తీసేసి కొత్తది రాశారు. నాకు ఒక్క వైద్య పరీక్ష, ముగ్గురి డిపోజిషన్లు, అంతే. రద్దు ఫీజులో సగం వాళ్లు కట్టారు. మొత్తం కట్టించలేకపోయాం, నేను పట్టుబట్టలేదు. సైకిల్ కుర్రాడు ఇల్లు మారాడు, నిజంగానే! వాళ్ల అమ్మగారి ద్వారా పట్టుకున్నారు. కొత్త తేదీకి వస్తానని సంతకం పెట్టాడు.

జడ్జి ఏప్రిల్ 13 ఇచ్చారు. ఆర్డర్ కింద పెన్నుతో ఇక మీదట వాయిదాలు ఉండవని రాశారు. ఆ ఒక్క లైను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

అమ్మ డిపోజిషన్ అక్టోబర్ 14న అయింది. నన్ను గదిలో ఉండనిచ్చారు, నేనే కేసు వేసినదాన్ని కాబట్టి. నైట్‌షిఫ్ట్ తమ్ముడు చెప్పాడని కిటికీ కర్టెన్ వేయించి, అమ్మని గోడ వైపు కూర్చోబెట్టారు. గంధం రంగు చీర కట్టుకుంది. ప్రమాణం చేయించేటప్పుడు కుడి చెయ్యి ఎత్తి, ఎడమ చేత్తో కొంగు సర్దుకుంది.

అవతలి లాయర్ మర్యాదగానే అడిగారు. ట్రక్కు ఎంత వేగంతో వచ్చింది అన్నారు. తెలియదు బాబూ, నేను వెనక్కి చూడలేదు అంది. మరి మీరేం చూశారు అన్నారు. అమ్మ అన్నమాట అచ్చంగా ఇదీ: "ముందు సీట్లో నా కూతురి జడ వెనక్కి కొట్టుకుని ముందుకి పోయింది. పిల్లాడు ఏడవలేదు. అందుకని ఇంకా భయమేసింది." ఇంటర్‌ప్రెటర్ గారు జడ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇంగ్లీషులో చెప్పి, చేత్తో కూడా చూపించారు. చెయ్యి వద్దు, మాటలు చాలని వీడియో తీస్తున్నాయన అన్నాడు. మూడేళ్లలో అమ్మ ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఆ రోజు నాకు గుర్తున్నది చప్పుడు ఒక్కటే.

మొత్తం 50 నిమిషాలు. బయటికొచ్చాక "అయిపోయిందా? మళ్లీ రానక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. లిఫ్ట్ దాకా నా ఎడమ చెయ్యి పట్టుకుని నడిచింది, మెల్లగా, నాకు నొప్పి పుట్టకుండా.

వాళ్ల డాక్టర్ పరీక్ష నవంబర్ 5న. సర్జన్‌తో అపాయింట్‌మెంట్ 19న, ఆపరేషన్ ట్రయల్‌కి ముందా తర్వాతా అన్నది ఆరోగ్యాన్ని బట్టి ఆయనే చెప్పాలి, లాయర్ కూడా అదే అన్నారు. ఆఫీసులో ఏప్రిల్ సెలవు పెట్టేశాను. అమ్మకి జనవరి 11కి టికెట్ తీశాను, కాళ్లు చాపుకునే సీటు.